సముద్రం ఒక పూట, కొండ ఒక పూట: మూడు రోజుల కారు ప్రయాణానికి ప్లాన్ వేసే పద్ధతి

మ్యాపులో చూస్తే తీరానికీ కొండకీ మధ్య అరవై డెబ్భై కిలోమీటర్లే ఉంటాయి. ఇంతేగా, ఒక్క రోజులో రెండూ చూసేయొచ్చు అనిపిస్తుంది. ఇలాంటి ప్రయాణాలు చాలావరకు చెడేది ఈ లెక్క దగ్గరే. తీరానికి ఒక గడియారం ఉంది, కొండకు ఇంకొకటి ఉంది. తీరం దగ్గర ఎప్పుడు ఉండాలో ఆటుపోట్లు, ఎండ పడే దిక్కు చెబుతాయి. కొండ మీద ఎప్పుడు ఉండాలో పొద్దుటి పొగమంచు, మధ్యాహ్నం కమ్ముకునే మబ్బు, తొందరగా పడే చీకటి చెబుతాయి. ఈ రెండు గడియారాలూ కుదిరేలా రోజుల్ని అమర్చుకోవడమే అసలు పని. గదుల బుకింగ్, ఫొటోలు తీసే చోట్ల జాబితా ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ చెప్పేది రెండు రాత్రులు, మూడు పగళ్ల ప్రయాణానికి, మామూలు కారుకు, 2,000 మీటర్ల ఎత్తు దాటని కొండలకు వర్తిస్తుంది. 2,500 మీటర్ల పైన రాత్రి పడుకోవాలంటే తలనొప్పి, వికారం లాంటి ఎత్తు జబ్బు లక్షణాలు రావచ్చు. అంత ఎత్తుకు అలవాటు పడటానికి మూడు రోజులు చాలవు, కాబట్టి దానికి వేరే ప్లాన్ కావాలి.

ముందు గంటలు లెక్కగట్టండి

మొత్తం దారిని మూడు రకాలుగా విడదీయండి: హైవే, తీరం వెంట రోడ్డు, ఘాట్ రోడ్డు. రద్దీ లేని హైవే మీద సగటున గంటకు 60–70 కిలోమీటర్లు పోవచ్చు. తీరం వెంట ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, సన్నటి వంతెనలు, సముద్రం చూడ్డానికి ఉన్నట్టుండి ఆగే బళ్లు ఉంటాయి కాబట్టి 35–40 అనుకోండి. హెయిర్‌పిన్ మలుపులున్న ఘాట్ మీద 20–25 దాటదు. దాటించాలని చూస్తే వెనక సీట్లో వాళ్లకు కడుపులో తిప్పుతుంది.

ఒక లెక్క చూద్దాం. మొత్తం 400 కిలోమీటర్లు. అందులో హైవే 200, తీరం 110, ఘాట్ 90. హైవేకి మూడు గంటల పైచిలుకు, తీరానికి మూడు గంటలు, ఘాట్‌కి నాలుగు గంటలు. మొత్తం పది. ఘాట్ దూరం పావు వంతు కూడా లేదు, కానీ సమయంలో అయిదింట రెండు వంతులు అదే తినేసింది. ఈ పది గంటలకు ఇంకో పావు వంతు కలపండి. లారీ వెనక ఇరుక్కోవడం, రోడ్డు పనులు, దారి తప్పడం, వాన అన్నీ ఆ పావులోకి వస్తాయి. పన్నెండున్నర గంటలు తేలింది. మూడు రోజులకు పంచితే రోజుకు నాలుగు గంటలకు కాస్త పైన. చూస్తూ వెళ్లే ప్రయాణానికి ఇది సరైన మోతాదు. ఏ ఒక్క రోజూ స్టీరింగ్ ముందు ఐదు గంటలు మించకూడదు.

ఐదే ఎందుకంటే, ఆగే సమయాన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. ‘ఐదు నిమిషాలు ఆగుదాం’ అన్న ప్రతి చోటా బండి పెట్టడానికి, దిగడానికి, చూడటానికి, ఫొటోలకు, మళ్లీ అందరూ ఎక్కడానికి కలిపి 20–25 నిమిషాలు పోతాయి. రోజుకు అలాంటివి ఐదంటే రెండు గంటలు. భోజనానికి ఒక గంట. దీనికి ఐదు గంటల డ్రైవింగ్ కలిపితే ఎనిమిది. పగటి వెలుతురు పదకొండు పన్నెండు గంటలు ఉంటుందనుకుంటే మూడు నాలుగు గంటలు చేతిలో మిగులుతాయి. నచ్చిన చోట గంటసేపు ఊరికే కూర్చోవాలన్నా, టైరు పంక్చరైనా ఖర్చయ్యేది ఆ మిగులే. మిగులు లేకపోతే ఆ గంట రాత్రిపూట ఘాట్ ఎక్కడం రూపంలో తిరిగొస్తుంది.

చూడాల్సిన చోట్లను రోజుకు మూడుకి కుదించండి. అందులో ఒకటి ‘తప్పనిసరి’, రెండు ‘కుదిరితే’. రాసిపెట్టుకుంటే బండిలో వాదనలు తగ్గుతాయి.

ఎటు నుంచి ఎటు తిరగాలి

వెళ్లిన దారినే తిరిగి రాకుండా చుట్టు తిరిగి వచ్చేలా వేసుకోవడం మంచిది. అప్పుడు తేల్చుకోవాల్సిన ప్రశ్న, ఏ దిశలో తిరగాలన్నది. దీన్ని చాలామంది ఆలోచించరు, కానీ ప్రయాణం ఎలా ఉంటుందనేది సగం దీనిమీదే ఉంటుంది.

మొదటిది, సముద్రం ఏ పక్కన ఉండాలి? ఎడమ పక్క నడిపే దేశాల్లో సముద్రం మీ ఎడమ చేతి వైపు ఉండేలా వెళ్లండి. కుడి పక్క నడిపే చోట కుడి వైపు. అలా వెళ్తే ఎదురొచ్చే వరసను అడ్డంగా దాటకుండానే సముద్రం వైపు ఆగే జాగాల్లోకి బండి దించవచ్చు, మళ్లీ అంతే తేలిగ్గా రోడ్డెక్కవచ్చు. కూర్చున్నవాళ్ల కంటికి ఎదురొచ్చే లారీలు అడ్డం రావు. కొండ మీద ఇదే సూత్రం తలకిందులవుతుంది. లోయ మీ పక్కనే ఉంటే చూడ్డానికి బాగుంటుంది కానీ, ఎదురొచ్చే బస్సుకు తప్పుకునేటప్పుడు మీ చక్రాలు మెత్తటి మట్టి అంచు మీదకు వెళ్తాయి. ఘాట్‌కి కొత్తవాళ్లు కొండ గోడ తమ పక్క ఉండే దిశను ఎంచుకుంటే భయం తగ్గుతుంది.

రెండోది, ఎండ. తీరం పడమర వైపు తిరిగి ఉంటే సాయంత్రాలు తీరం దగ్గర గడపాలి. తూర్పు వైపు తిరిగి ఉంటే, వెనక కొండలున్న తీరం మీద సాయంత్రం నాలుగింటికే కొండ నీడ పడొచ్చు, నీళ్ల రంగు పోతుంది. అలాంటి తీరానికి తెల్లవారుజాము సరైన సమయం. అలాగే పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమరకు మలుపుల రోడ్డు మీద నడపాల్సి రాకుండా చూసుకోండి. మలుపు తిరగ్గానే ఎండ నేరుగా కళ్లలో కొడితే రెండు మూడు క్షణాలు రోడ్డు కనిపించదు.

మూడోది, ఎక్కే దారి, దిగే దారి. కొండకు రెండు దారులుంటే నిటారుగా ఉన్న దారిలో ఎక్కి, వాలు తక్కువున్న దారిలో దిగండి. ఎక్కేటప్పుడు కష్టపడేది ఇంజను. దిగేటప్పుడు కష్టపడేది బ్రేకులు. ఇంజను అలిసిపోతే బండి ఆగుతుంది, బ్రేకులు అలిసిపోతే బండి ఆగదు.

ఇవన్నీ కలిపి చూస్తే పడమటి తీరానికి ఈ వరస బాగా కుదురుతుంది: మొదటి రోజు హైవే ముగించి మధ్యాహ్నానికి తీరం చేరడం, సాయంత్రమంతా అక్కడే. రెండో రోజు పొద్దున తీరం వెంట కొంత దూరం, మధ్యాహ్నానికి కొండ అడుగుకు, మూడింటి లోపల ఘాట్ ఎక్కేసి పైన మకాం. మూడో రోజు తెల్లవారుజామున పైన చూడాల్సినవి చూసి, మంచు విడిపోయాక నెమ్మదిగా దిగి ఇంటిదారి. తూర్పు తీరమైతే వరస మార్చండి: మొదటి రాత్రి కొండ మీద, రెండో రాత్రి తీరంలో, మూడో రోజు సూర్యోదయం సముద్రం మీద. రెండు వరసల్లోనూ కొండ మీద ఒక రాత్రి ఉంది. ఎక్కి అదే రోజు దిగేస్తే కొండ మీద అన్నిటికంటే మంచి వేళ, అంటే పొద్దుట ఆరు నుంచి పది, మీకు దొరకనే దొరకదు.

సముద్రం గడియారం

సముద్రం సాధారణంగా రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు వెనక్కి తీస్తుంది. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్న పదింటికి ఖాళీగా ఉన్న రాతిబల్ల మీదకు ఇవాళ పదింటికి నీళ్లు వచ్చేవో పోయేవో అయి ఉంటాయి. పౌర్ణమికీ అమావాస్యకీ ఒకటి రెండు రోజుల తర్వాత పోటు మరీ ఎత్తుకు వస్తుంది, ఆటు మరీ లోపలికి పోతుంది. రాతి మడుగులు, గుహలు, ఇసుక తిన్నెలు చూడాలంటే ఆ రోజుల్లో ఆటు వేళ బాగుంటుంది. అవే రోజుల్లో పోటు వేళ అదే చోటు ప్రమాదం.

మీరు వెళ్లే తీరానికి ఆ తేదీల ఆటుపోట్ల పట్టిక తీసి, ఆటు వేళను ప్లాన్‌లో రాసుకోండి. తర్వాత ఈ లెక్క గుర్తుంచుకోండి: ఆటు నుంచి పోటుకు ఆరు గంటలు పడితే నీరు సమానంగా పెరగదు. మొత్తం పెరుగుదలను 12 భాగాలు చేస్తే మొదటి గంటలో 1, రెండో గంటలో 2, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత 2, చివర 1. అంటే సగం నీరు మధ్యలోని రెండు గంటల్లోనే వచ్చేస్తుంది. ‘గంటైంది, నీళ్లు పెద్దగా పెరగలేదు’ అని రాళ్ల మీద కూర్చుండిపోయినవాళ్లు చిక్కుకునేది ఇందువల్లే. ఆటుకు గంట ముందు వెళ్లి, ఆటు తర్వాత గంటలో తిరిగొచ్చేయండి.

పోటుకు మునిగే రోడ్లు కూడా ఉంటాయి. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్ఫార్న్ దీవికి వెళ్లే రోడ్డు రోజుకు రెండుసార్లు మునుగుతుంది. దాటే వేళలు అక్కడే రాసి ఉన్నా, ‘ఇంకా పది నిమిషాలుందిలే’ అనుకున్న కార్లు నీళ్లలో ఆగిపోతూనే ఉంటాయి. మీ దారిలో అలాంటి లోతట్టు రోడ్డు, వాగు దాటే చోటు ఉంటే దాని వేళే ఆ రోజు ప్లాన్‌కు ఆధారం.

స్నానానికి దిగేవాళ్లకు ఒక్క మాట. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా కనిపిస్తే, పిల్లల్ని అక్కడ దింపాలనిపిస్తుంది. ఒడ్డుకు వచ్చిన నీరంతా సాధారణంగా ఆ పట్టీ గుండానే లోపలికి పోతుంది. అందుకే అక్కడ అలలు విరగవు. లాగేస్తుంటే ఒడ్డు వైపు ఈదడానికి ప్రయత్నించకండి. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యి ఊపండి. కాపలా ఉన్న చోట తప్ప దిగకపోవడం అన్నిటికంటే మేలు.

కారును ఇసుకలోకి దింపకండి. తడి ఇసుక గట్టిగా కనిపిస్తుంది, పైపొర కింద మెత్తగా ఉంటుంది. దిగబడితే యాక్సిలరేటర్ వదిలేయండి. చక్రం తిరిగిన ప్రతిసారీ గొయ్యి లోతవుతుంది. అందరూ దిగి, చక్రాల ముందు వెనక ఇసుక తోడి, టైర్లలో గాలి 15–18 పీఎస్‌ఐకి తగ్గించి, లోపలి మ్యాట్లు చక్రాల కింద పెట్టి, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి తీయండి. తగ్గించిన గాలితో తారు రోడ్డు మీద వేగంగా వెళ్లకూడదు. టైరు పక్కలు వేడెక్కి పాడవుతాయి. గాలి నింపే చిన్న పంపు లేనప్పుడు గాలి తీయనే వద్దు.

కొండ గడియారం

ఎత్తు ప్రతి 1,000 మీటర్లకూ సుమారు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. తీరంలో 30 డిగ్రీలుంటే 1,500 మీటర్ల మీద 20 డిగ్రీలు, తెల్లవారుజామున ఇంకా తక్కువ. బీచ్ నుంచి నేరుగా తడి బట్టలతో ఘాట్ ఎక్కితే పైన వణుకు తప్పదు. స్వెట్టర్లు డిక్కీ అడుగున కాక పైన ఉండాలి.

తెల్లవారుజామున లోయల్లో మంచు నిండి, పై శిఖరాలు తేటగా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ తొమ్మిది పదింటికి మంచు విడిపోతుంది. మధ్యాహ్నానికి నేల వేడెక్కి, సముద్రం మీది తేమగాలి కొండవాలుకు తగిలి పైకి లేచి మబ్బవుతుంది. రెండు మూడింటి తర్వాత వాన, ఉరుములు వచ్చే అవకాశం ఎక్కువ. తీరానికి దగ్గరున్న కొండల మీద ఇది ఇంకా తరచు. దూరం కనిపించే చోట్లన్నీ పొద్దున పెట్టుకోండి. మధ్యాహ్నానికి జలపాతం, అడవి లాంటి దగ్గరి దృశ్యాలు ఉంచండి. మబ్బు పట్టినా వాటి అందం తగ్గదు.

సూర్యాస్తమయ సమయం అని ఫోన్ చూపేది చదును నేలకు. లోయలో కొండ వెనక్కి పొద్దు గంట, గంటన్నర ముందే వాలిపోతుంది. ఎంత వెలుతురు మిగిలిందో చేత్తో కొలవవచ్చు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. సూర్యుడికీ కొండ అంచుకీ మధ్య ఒక పిడికిలి పడితే, సూర్యుడు దాదాపు నిలువుగా దిగే ఉష్ణ ప్రాంతాల్లో సుమారు 40 నిమిషాలుంది. భూమధ్యరేఖకు దూరంగా ఉండే దేశాల్లో ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఇంకాస్త ఎక్కువ. కొలిచేటప్పుడు సూర్యుణ్ణి నేరుగా చూడకండి. ఆ కొలతకూ ఘాట్‌లో మిగిలిన దూరానికీ పొంతన కుదరకపోతే వెంటనే బయలుదేరండి.

పొగమంచులో డిమ్ లైటే వాడాలి. బ్రైట్ వేస్తే వెలుతురు మంచు బిందువుల మీద పడి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది, ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. రోడ్డు అంచు గీతను పట్టుకుని వెళ్లండి. ముందు బండి వెనక లైట్లను పట్టుకుని వెళ్లకండి, అతను దారి తప్పితే మీరూ తప్పుతారు. అసలేం కనిపించకపోతే రోడ్డు మీద కాకుండా పూర్తిగా పక్కకు దిగి ఆగండి.

బండిలో ముందే చూడాల్సినవి

బయలుదేరడానికి వారం ముందు చూపించండి. ముందురోజు చూపిస్తే లోపం దొరికినా బాగుచేయించే సమయం ఉండదు.

బ్రేకులు మొదట. ప్యాడ్ల మందం చూడాలి, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి. తేమ చేరాక అది 155 దాకా పడిపోవచ్చు. మైదానంలో ఆ తేడా తెలియదు. ఘాట్ దిగేటప్పుడు ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేల దాకా పోతుంది, బండి ఆగదు. రెండేళ్లు దాటి ఉంటే మార్పించండి.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు, నిండు బరువుకు చెప్పిన లెక్క ప్రకారం నింపండి. ఆ లెక్క చాలా కార్లలో డ్రైవర్ తలుపు పక్కన అంటించి ఉంటుంది. కొండ ఎక్కాక గాలి తీయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. 1,000 మీటర్లు ఎక్కితే బయటి గాలి ఒత్తిడి తగ్గి మీటరులో ఒకటిన్నర పీఎస్‌ఐ పెరిగినట్టు కనిపిస్తుంది. చలికి ఒక పీఎస్‌ఐ పైన తగ్గుతుంది. రెండూ ఇంచుమించు సరిపోతాయి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు చాలా దేశాల్లో చట్టపరమైన కనిష్ఠం. తడిసిన ఘాట్ మీద అది చాలదు, 3 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి. స్టెప్నీలో గాలి చూడటం మరిచిపోయేవాళ్లే ఎక్కువ. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో లేదో చూసి, నట్లు ఒకసారి వదులు చేసి బిగించి చూడండి. తుప్పు పట్టి కదలని నట్టు గురించి ఇంటి దగ్గర తెలియడం మంచిది.

కూలెంట్ మట్టం, వైపర్ రబ్బర్లు, అన్ని లైట్లు, హారన్ చూసుకోండి. ఉప్పుగాలికి అద్దం మీద సన్నటి జిడ్డు పొర పడుతుంది. సాయంత్రం ఎదురెండలో ఆ పొర వెలిగి ముందున్నది కనపడదు, కాబట్టి వైపర్ నీళ్ల డబ్బా నిండుగా ఉండాలి.

ఇంధనం సగానికి రాగానే నింపండి. ఘాట్ ఎక్కేటప్పుడు మామూలు కంటే చాలా ఎక్కువ తాగుతుంది. ఎలక్ట్రిక్ కారుకైతే లెక్క తేలిక: 1,600 కిలోల బండి 1,000 మీటర్లు ఎక్కడానికి, మామూలు దూరానికి అయ్యేది కాక, అదనంగా సుమారు 5 యూనిట్లు కావాలి. దిగేటప్పుడు అందులో సగం పైగా తిరిగొస్తుంది. అయితే కొండ మీద బ్యాటరీని 100 శాతం నింపి దిగడం మొదలుపెడితే, వచ్చే కరెంటు పోవడానికి చోటుండదు, మోటారు బ్రేకింగ్ బలహీనపడుతుంది. పైన 80 శాతంతో ఆపేయండి.

ఎక్కడం, దిగడం

ఎక్కేటప్పుడు ఇంజను గునుస్తున్నట్టు అనిపించకముందే గేరు తగ్గించండి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పల్చబడి, టర్బో లేని ఇంజను ప్రతి 1,000 మీటర్లకూ పదో వంతు దాకా బలం కోల్పోతుంది. ఓవర్‌టేక్ చేయడానికి కింద సరిపోయిన దూరం పైన సరిపోదు. వేడి సూచించే ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టండి. ఇంజను వేడిని అది క్యాబిన్‌లోకి లాగుతుంది, ఉక్కపోస్తుంది కానీ ఇంజను బతుకుతుంది. అయినా తగ్గకపోతే ఆగండి. రేడియేటర్ మూత వేడిగా ఉండగా తీయొద్దు, లోపలి నీరు ఒత్తిడితో ముఖం మీదకు చిమ్ముతుంది. అరగంట, ముప్పావుగంట ఆగాల్సిందే. ట్రాఫిక్‌లో వాలు మీద బండిని క్లచ్ మీద నిలబెడితే క్లచ్ ప్లేటు కాలుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేయండి.

హెయిర్‌పిన్ దగ్గర మలుపు మొదలయ్యేలోపే వేగం, గేరు తగ్గించేయాలి. మలుపు మధ్యలో బ్రేక్ వేస్తే బండి బరువు ముందుకు పడి వెనక చక్రాలు జారతాయి. మీ వరస దాటకండి. బస్సు, లారీ మలుపు తిరగడానికి రోడ్డంతా కావాలి, కింద నుంచి వస్తుంటే మలుపుకు ముందే ఆగి దారివ్వండి. సన్నటి చోట ఎదురుపడితే చాలా దేశాల్లో ఎక్కే బండిదే ముందు హక్కు, ఎందుకంటే వాలు మీద ఆగి మళ్లీ కదలడం దానికి కష్టం.

ఇక దిగడం. 1,500 కిలోల కారు 500 మీటర్లు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి, 20 లీటర్ల మామూలు నీటిని మరిగే స్థాయికి తేగలదు. అదంతా బ్రేకుల మీద పడేస్తే నాలుగు చిన్న ఇనుప పళ్లేలు ఆ వేడిని మోయాలి. అందుకే ఇంజనుతో ఆపాలి. ఏ గేరులో ఎక్కేవారో అదే గేరులో, కొత్త కార్లలో అవసరమైతే ఇంకో గేరు కిందికి వేసి దిగండి. ఆటోమేటిక్‌లో ‘ఎల్’, ‘ఎం’, ‘బి’ లాంటి స్థానం వాడండి, మీ బండిలో ఏదుందో ఇంటి దగ్గరే పుస్తకంలో చూసుకోండి. సరైన గేరు అయితే బ్రేకు తొక్కకుండానే వేగం ఇంచుమించు నిలకడగా ఉంటుంది. వేగం 40కి పోతే గట్టిగా తొక్కి 30కి తెచ్చి వదిలేయండి. మళ్లీ 40 వచ్చేదాకా బ్రేకులకు చల్లారే సమయం దొరుకుతుంది. కాలు పెడల్ మీద సగం ఆనించి మొత్తం ఘాట్ దిగడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగకండి. మిగలదు కూడా. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజన్లు ఇంధనం పంపడమే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజను తిరగడానికి ఇంధనం కావాలి. ఇంజను ఆపేస్తే ఇంకా ప్రమాదం: రెండు మూడు సార్లు తొక్కగానే బ్రేకులకు సాయం పోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది.

కాలిన వాసన, పెడల్ మెత్తబడటం, లేదా ఎంత తొక్కినా పట్టు తగ్గడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా విశాలమైన చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. నీళ్లు పోయకండి, డిస్కులు వంకర పోతాయి. మొదటి గేరులో ఉంచి చక్రానికి రాయి అడ్డం పెట్టండి. నడుస్తుండగా బ్రేక్ పూర్తిగా పోతే: పెడల్‌ను గబగబా చాలాసార్లు తొక్కండి, ఒక్కో గేరూ కిందికి దించండి, హ్యాండ్‌బ్రేక్‌ను బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారిగా లాగితే బండి తిరిగిపోతుంది. ఇంకా ఆగకపోతే లోయ వైపు కాకుండా కొండ గోడకు పక్కగా రాసుకుంటూ ఆపండి.

కడుపులో తిప్పకుండా

మలుపులకు వాంతి వచ్చేది కన్ను ఒకటి చెప్పి చెవి ఇంకొకటి చెప్పడం వల్ల. ఫోన్ చూస్తున్న కంటికి అంతా కదలకుండా ఉంటుంది, లోపలి చెవికి మాత్రం ఊగుడు తెలుస్తుంది. అలాంటివాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు చూడమనండి. అద్దం కొద్దిగా దించండి. కడుపు పూర్తి ఖాళీగా ఉన్నా, పూర్తి నిండుగా ఉన్నా ఎక్కువవుతుంది. మాత్ర వేసుకునేవాళ్లు ఘాట్‌కి అరగంట, గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక పెద్దగా పనిచేయదు. ఆ మాత్రలు చాలావరకు నిద్ర తెప్పిస్తాయి కాబట్టి నడిపేవాళ్లు వేసుకోకూడదు. నడిపే మనిషికి తిప్పడం అరుదు. ఓపికున్న ఇద్దరు డ్రైవర్లుంటే, తిప్పే మనిషికే స్టీరింగ్ ఇవ్వడం కూడా ఒక మందే. దిగేటప్పుడు చెవులు బిగుసుకుంటే మింగడం, ఆవులించడం చాలు. పసిపిల్లలకు ఆ సమయంలో పాలు పట్టండి.

దారి మూసేస్తే

తీరం కొండను ఆనుకుని ఉన్న చోట రోడ్డు రెండు వైపుల నుంచీ దెబ్బ తింటుంది. కింద అలలు అడుగును కోస్తాయి, పైన వాననీరు మట్టిలో ఇంకి దాన్ని బరువెక్కిస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియా తీరం వెంట పోయే ఒకటో నంబరు రోడ్డు 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండచరియ కింద కప్పుకుపోయింది. మళ్లీ తెరుచుకునేసరికి 2018 జులై అయింది. అంత పెద్దది కాకపోయినా, ఒక పూట మూసేసే చరియ పడటం ఎక్కడైనా మామూలే. పెద్ద వాన కురిసిన మర్నాడు, ఎండ కాసినా సరే, వాలు మట్టి ఇంకా నీళ్లతో నిండే ఉంటుంది. రోడ్డు మీద కొత్తగా పడ్డ చిన్న రాళ్లు, గోడలోంచి బురదనీరు, వంగిన చెట్లు కనిపిస్తే అక్కడ ఆగి ఫొటోలు తీయకండి.

ప్రతి రోజుకూ ఒక బదులు దారి, ఒక ‘వెనుదిరిగే వేళ’ రాసుకోండి. ఉదాహరణకు ‘మూడింటికి ఘాట్ అడుగుకు చేరకపోతే కిందే బస’. అందుకే కొండ మీది గదిని డబ్బు తిరిగొచ్చే పద్ధతిలో బుక్ చేయడం మేలు. మ్యాపును ఫోన్‌లోకి ముందే దించుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, బొమ్మ లేకపోతేనే ఇబ్బంది. బస చేసే చోట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, మలుపు తిరగాల్సిన ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టండి. అదే కాగితం ఫొటో ఇంట్లో ఒకరికి పంపి, రాత్రి ఎన్నింటికి ఫోన్ చేస్తారో చెప్పండి.

చేతికందేలా ఉండాల్సినవి: మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టార్చి, ప్రథమ చికిత్స డబ్బా, ట్రయాంగిల్ బోర్డు, మెరిసే జాకెట్, టైరు పంపు, జంపర్ కేబుల్, వాంతి కవర్లు, పాత తువ్వాళ్లు. బరువైనవి డిక్కీలో అడుగున, సీటు వీపుకు ఆనించి పెట్టండి. వెనక అద్దం దగ్గర వదులుగా పెట్టిన సీసా గట్టి బ్రేకు పడగానే తలకు తగులుతుంది. పైన క్యారియర్ మీద ఎక్కువ సామాను కడితే బండి మలుపుల్లో ఒరుగుతుంది.

తిరిగొచ్చిన రెండు రోజుల్లోపు బండిని మంచినీళ్లతో కడిగించండి. పైన మెరిస్తే చాలదు. చక్రాల గూళ్లు, అడుగు భాగం, సస్పెన్షన్ చుట్టూ నీళ్లు కొట్టించాలి, ఉప్పు తుప్పుగా మారేది అక్కడే. మ్యాట్ల కింది ఇసుక దులిపి, తడిసిన కార్పెట్ ఆరేదాకా తలుపులు తెరిచి ఉంచండి. టైర్ల పక్కలకు గంట్లు, ఉబ్బులు వచ్చాయేమో చేత్తో తడిమి చూడండి. ఘాట్ అంచు రాళ్లకు రాసుకున్న దెబ్బ తర్వాతెప్పుడో హైవే మీద బయటపడుతుంది.